"తగ్గిందా?" అని అడిగితే జవాబు దొరకని జబ్బు

విశాఖలో ఎవరింట్లోనైనా ఒంట్లో బాగోలేదని తెలిసి చూడడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది "ఏటయ్యిందట?" అని. ఆ తర్వాత "తగ్గిందా?" అని. జ్వరమొచ్చినా, కాలు విరిగినా, గుండెకి స్టెంట్ వేసినా ఈ రెండు ప్రశ్నలకీ ఏదో ఒక జవాబు ఉంటుంది. మల్టిపుల్ మైలోమా వచ్చిన ఇంట్లో మాత్రం రెండో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. తగ్గిందంటే అబద్ధం, తగ్గలేదన్నా అబద్ధమే. డాక్టరు అన్నది "కంట్రోల్లో ఉంది" అని. ఆ మాటకి అర్థం ఇంట్లోవాళ్లకే ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. ఇక వచ్చినవాళ్లకి ఏం వివరిస్తారు? "పర్వాలేదండీ" అనేసి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోతారు.

ఎముకల లోపలి మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్ ఇది. మూలుగలో ప్లాస్మా కణాలనేవి ఉంటాయి. రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలను తయారుచేయడం వాటి పని. వాటిలో ఒక కణం దారి తప్పి అచ్చం తనలాంటివాటినే లెక్కకు మించి పుట్టిస్తూ పోతుంది. అవన్నీ కలిసి ఒకే రకం పనికిరాని ప్రొటీన్‌ని రక్తంలోకి వదులుతాయి. రిపోర్టులో "ఎం స్పైక్" అని కనిపించేది అదే. మూలుగలో చోటు చాలక మంచి రక్తం తగ్గిపోతుంది, మనిషి పాలిపోతాడు. ప్రొటీన్ ముక్కలు కిడ్నీల్లో అడ్డుపడతాయి. ఎముకని అరగదీసే కణాలు రెచ్చిపోతాయి, తిరిగి కట్టే కణాలు మందగిస్తాయి. దాంతో వెన్నుపూసలు లోపలికి కుంగిపోయి మనిషి పొట్టిగా అవుతాడు. నిన్నటిదాకా సరిపోయిన పంచె నేలమీద ఈడుస్తుంటే ఇంట్లోవాళ్లు చిక్కిపోయాడనుకుంటారు గానీ వెన్ను కుంగిందని అనుకోరు. ఎముకలోంచి కరిగిన కాల్షియం రక్తంలో చేరితే విపరీతమైన దాహం, మలబద్ధకం, ఒక్కోసారి మాటల్లో తికమక. ఎముకలు బోలుగా ఉన్నాయట అని తెలిసిన చుట్టాలు ప్రేమకొద్దీ కాల్షియం మాత్రలు తెస్తారు. రక్తంలో కాల్షియం ఇప్పటికే ఎక్కువగా ఉన్న మనిషికి అవి చేటు చేస్తాయి. అందుకే డాక్టరుని అడగకుండా అలాంటివేవీ ఇవ్వకూడదు.

అసలు ఈ జబ్బు బయటపడే తీరే ఇంటివాళ్ల మనసుకి మొదటి దెబ్బ. ఎక్కువ మందిలో నడుం నొప్పితో మొదలవుతుంది. యాభై దాటినవాళ్లకి నడుం నొప్పి వింతేమీ కాదు. వాతం అంటారు, బస్సు కుదుపులంటారు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, మందుల షాపులో అడిగి తెచ్చిన డైక్లోఫెనాక్ మాత్రలు, రాత్రి పడుకునేముందు నడుముకి బామ్. ఇలా నెలలు గడుస్తాయి. ఆ నొప్పి మాత్రలు అసలే ఇబ్బందిలో ఉన్న కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తాయి. మూలుగ పరీక్ష అయ్యాక ఈ సంగతి తెలిసిన భార్యకి "నా చేత్తోనే మింగించానే" అన్న మాట గుండెలో ముల్లులా దిగుతుంది. ఆమె ఆ మాట ఎవరితోనూ అనదు. మంచి వైద్య సదుపాయాలున్న దేశాల్లో కూడా ఆలస్యంగా బయటపడే క్యాన్సర్లలో మైలోమా ఒకటని, ఇందులో ఇంటివాళ్ల తప్పు లేదని డాక్టర్లు అడగకముందే చెప్పాలి. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం దొరకని ఇళ్లలో ఆ అపరాధ భావం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే అంకె పెరిగిందంటే కవిటి, సోంపేట వైపు ఇళ్లలో ముందు తోచేది ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఉద్దానం కిడ్నీ జబ్బే. అలా తోచడం సహజం కూడా. కానీ కిడ్నీ తేడాతో పాటు విడవని నడుం నొప్పి, రక్తం తగ్గడం కూడా ఉంటే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్ అనే, మైలోమా ప్రొటీన్‌ని పట్టిచ్చే రెండు రక్త పరీక్షల గురించి డాక్టరుని అడగడం మంచిది.

తర్వాత "ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న మొదలవుతుంది. పోర్టు బొగ్గు దుమ్మా, తాగిన నీళ్లా, ఎవరి దిష్టైనా తగిలిందా అని రాత్రంతా ఆలోచిస్తారు. వయసు, వంశంలో ఇదివరకు ఉండడం లాంటివి కొంత అవకాశాన్ని పెంచుతాయన్నది నిజమే. అయినా ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని వేలు పెట్టి చూపించలేరు. ఇది అంటుకునే జబ్బు కాదు. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు. రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ల జలుబు నుంచి ఈ మనిషినే కాపాడుకోవాలి.

పాశ్చాత్య దేశాల్లో మైలోమా ఎక్కువగా డెబ్బైకి దగ్గరపడినవాళ్లలో కనిపిస్తుంది. మన దేశంలో దాదాపు పదేళ్లు ముందుగానే వస్తోంది. ఆ పదేళ్ల తేడా చిన్నదేమీ కాదు. యాభై అయిదేళ్ల మనిషికి ఇంకా సర్వీసు ఉంటుంది, ఫ్లాటు లోను ఉంటుంది, చిన్నమ్మాయి పెళ్లి ఉంటుంది. పిల్లల దగ్గర విశ్రాంతిగా ఉండాల్సిన వయసులో వచ్చే జబ్బుకీ, ఇంటి బరువంతా భుజాన ఉన్నప్పుడు వచ్చే జబ్బుకీ మందులు ఒకటే కావచ్చు. ఇల్లు పడే బాధ ఒకటి కాదు.

ఆ మందుల్లో కుటుంబాన్ని అన్నిటికంటే ఎక్కువ కుదిపేది ఖరీదైనదేమీ కాదు. చవకగా దొరికే డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్. మైలోమా చికిత్సలో సాధారణంగా దీన్ని వారానికి ఒకరోజు 40 మిల్లీగ్రాములు ఇస్తారు. వయసు పైబడినవాళ్లకి 20. ఉబ్బసానికి వాడే ప్రెడ్నిసలోన్ లెక్కలోకి మార్చి చూస్తే ఆ 40 మిల్లీగ్రాములు 260 పైమాటే, అదీ ఒక్క రోజులో. క్యాన్సర్ కణాలని చంపడంలో దాని మేలు తిరుగులేనిది. కానీ అది నిద్రనీ, ఆకలినీ, షుగర్‌నీ, కోపాన్నీ కూడా ముట్టుకుంటుంది.

గాజువాక వైపు ఒక ఇల్లు అనుకుందాం. ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్న పెద్దమనిషి, ఆయన భార్య, డిగ్రీ చదివే కూతురు. ప్రతి శుక్రవారం ఉదయం టిఫిన్ తర్వాత ఆయన ఆ మాత్రలు వేసుకుంటారు. మధ్యాహ్నానికి ముఖం ఎర్రబడి ఉత్సాహం వస్తుంది, ఆగకుండా మాట్లాడతారు. రాత్రి రెండు గంటలకి వంటింట్లో గిన్నెల చప్పుడు. వెళ్లి చూస్తే ఆయన డబ్బాలన్నీ కిందకి దించి పోపు సామాను సర్దుతున్నారు. శనివారం ఫ్యాను స్విచ్ వేసి వదిలేసినందుకు కూతురి మీద ఇల్లు అదిరేలా అరుస్తారు. పాతికేళ్లలో ఆయన ఆ గొంతు ఎత్తడం ఎవరూ చూడలేదు. ఆదివారం సాయంత్రానికి గాలి తీసేసినట్టు కూలబడిపోయి, గోడవైపు తిరిగి పడుకుంటారు. అడిగితే కళ్లమ్మట నీళ్లు. మంగళవారానికి మామూలు మనిషి. మళ్లీ శుక్రవారం.

ఇది వారం వారం తిరిగే మందు లయ అని తెలియనంతకాలం ఇంట్లో ఎవరి కథ వాళ్లు అల్లుకుంటారు. జబ్బొచ్చాక నాన్నకి మేమంటే గిట్టడం లేదని కూతురు అనుకుంటుంది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదే ఇప్పుడు బయటికొస్తోందని భార్య అనుకుంటుంది. తనకి పిచ్చెక్కుతోందేమోనని ఆయన లోలోపల భయపడతారు. డాక్టరు దగ్గర ముగ్గురిలో ఎవరూ ఈ మాట ఎత్తరు. షుగర్ ఎంతుంది, నిద్ర పడుతోందా అని అడుగుతారు, పర్వాలేదంటారు, బయటికొచ్చేస్తారు. నిజానికి చెబితే చేయగలిగినవి చాలానే ఉన్నాయి. మాత్రలు పొద్దున్నే వేసుకోమంటారు, అవసరమైతే డోసు తగ్గిస్తారు, నిద్రకి ఏదైనా ఇస్తారు. సొంతంగా మాత్రం ఆపకూడదు.

అలాంటి ఇంట్లో పనికొచ్చేది వంటింటి గోడకి వేలాడే వెంకట్రామా క్యాలెండర్. పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పుట్టినరోజులు అన్నీ దానిమీదే రాసుకుంటారు కదా. స్టిరాయిడ్ రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, తర్వాతి రోజుకి ఒక గీత, ఆ తర్వాతి రోజుకి రెండు గీతలు పెట్టుకుంటే నెల తిరిగేసరికి ఇల్లంతటికీ లెక్క కనిపిస్తుంది. గీతలున్న రోజుల్లో డబ్బు గురించి మాట్లాడరు, చుట్టాలని రమ్మనరు. ఆయన అరిస్తే "ఇవాళ ఒక గీత" అని తల్లి కళ్లతోనే కూతురికి చెబుతుంది. బాధ ఉండదని కాదు. ఆ అరుపు తనమీది అయిష్టం కాదని ఆ పిల్లకి తెలిసి ఉంటుంది.

మైలోమాకి ఇచ్చే ఇంకో మందు బోర్టెజోమిబ్, ఆ సూదిది ఇంకో రకం బాధ. పొట్టమీద చర్మం కిందకి ఇచ్చే ఆ సూది సెకన్ల పని. దానికోసం రోజంతా పోతుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ, ఆరిలోవ హెల్త్ సిటీ వైపు గానీ పొద్దున్నే చేరుకుని, రక్త పరీక్షకి ఇచ్చి, కణాల లెక్క వచ్చేదాకా కూర్చోవాలి. పార్వతీపురం నుంచో, అవతల రాయగడ నుంచో వచ్చినవాళ్లకి అదే రెండు రోజుల ప్రయాణం. ఈ మందు కొందరిలో నరాలని దెబ్బతీస్తుంది. అరికాళ్లు మొద్దుబారతాయి, మంటలు పుడతాయి. ద్వారకా బస్ స్టేషన్‌లో బస్సెక్కబోతుంటే కాలి చెప్పు ఎప్పుడో జారిపోయి ఉంటుంది, ఆ మనిషికి తెలియదు. వెనకాల వస్తున్న కొడుకు దాన్ని తీసి చేత్తో పట్టుకుని, నలుగురూ చూస్తుండగా వంగి తండ్రి కాలికి తొడుగుతాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ఆ మొద్దుబారడం గురించి మొదట్లోనే డాక్టరుకి చెబితే డోసు తగ్గిస్తారు. "ఇంత పెద్ద జబ్బుకి ఈ తిమ్మిరి ఎంత" అని దాచుకుంటే అది శాశ్వతంగా ఉండిపోవచ్చు.

పేషెంటు ఇంటి ఆడమనిషి అయినప్పుడు లెక్కలన్నీ తారుమారవుతాయి. ఈ విషయం మీద ఉండాల్సినంత చర్చ మన దగ్గర లేదు. భర్తకి జబ్బు చేస్తే భార్య చూసుకుంటుంది, అందులో ఎవరికీ సందేహం రాదు. భార్యకి చేస్తే ఎవరు చూసుకుంటారన్నది ఇంట్లో ఒక సమస్య అయి కూర్చుంటుంది. వంగకూడదు, బరువు ఎత్తకూడదు అని డాక్టరు చెప్పి పంపిస్తారు. వంగకుండా, ఎత్తకుండా మన ఇళ్లలో ఏ పని ఉంది? నీళ్ల బకెట్, బియ్యం బస్తా, మంచం కింద చీపురు, వాకిట్లో ముగ్గు. ఒక్క బకెట్ ఎత్తినందుకు వెన్నుపూస విరగొచ్చు. ఆవిడేమో పనిమనిషి రాలేదని, పిల్లాడికి క్యారేజీ టైమైపోతోందని నొప్పిని పళ్ల బిగువున పట్టి లేస్తుంది. నొప్పి ఉందని చెబితే ఇంట్లో అందరూ కంగారుపడతారని చెప్పదు. కోడలు ఉంటే ఆమెమీద భారం వేస్తున్నానని కుమిలిపోతుంది. ముగ్గు వేయలేకపోవడం బయటివాళ్లకి చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ముప్పై ఏళ్లు తన చేత్తో తీర్చిన వాకిలిని గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవడం ఆమెకి తన చోటు తాను పోగొట్టుకోవడమే. ఇంట్లో మగవాళ్లు పని అందుకోవడం ఇక్కడ మంచితనం కింద కాదు, చికిత్సలో భాగం కింద లెక్క. అంతకంటే మెత్తగా చెప్పడానికి వీల్లేదు.

దాచడం ఇంకో పెద్ద సమస్య. "ఆయనకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు." కన్సల్టింగ్ గది తలుపు దగ్గర ఈ మాట తెలియని క్యాన్సర్ డాక్టరు ఉండరు. ప్రేమతోనే అంటారు. రక్తం తక్కువైందనో, ఎముకలు అరిగాయనో చెప్పి నెట్టుకొస్తారు. మైలోమాలో ఈ పద్ధతి ఎక్కువ రోజులు నిలవదు. చికిత్స ఏళ్ల తరబడి సాగేది. జబ్బుని అదుపులో ఉంచే లెనాలిడోమైడ్ మాత్రలు 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర, అక్కి రాకుండా అసైక్లోవిర్, నెలకోసారి ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్, దానికి ముందు పళ్ల డాక్టరు దగ్గర పరీక్ష. ఇన్ని జాగ్రత్తలు తెలియకుండా ఏ మనిషీ పాటించలేడు. పైగా ఆసుపత్రి బోర్డు చదువుకోగలడు, పక్క కుర్చీలో మనిషితో మాట్లాడగలడు. తనకి తెలిసిన సంగతి ఇంట్లోవాళ్లకి తెలియకూడదని ఆయనా దాస్తాడు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు మనుషులు ఒకరికోసం ఒకరు నటిస్తూ, ఏడుపు వస్తే కుళాయి విప్పుకుని స్నానాల గదిలో ఏడుస్తారు. అంత ఒంటరితనం జబ్బు తెచ్చింది కాదు, దాచడం తెచ్చింది.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు గురించి కూడా చెప్పుకోవాలి. పక్కన లేనన్న బాధ అతనికి నిద్ర పట్టనివ్వదు. అందుకే రాత్రంతా చదువుతాడు, కొత్త మందుల పేర్లు వాట్సాప్‌లో పంపుతాడు, ఈ డాక్టరు సరిపోరు, వెల్లూరు తీసుకెళ్లండి అంటాడు. ఇక్కడ ఆటో మాట్లాడి, ఫైలు పట్టుకుని, లైన్లో నిలబడే కూతురికి ఆ మాటలు తనని తప్పుపట్టినట్టు తగులుతాయి. ఇద్దరిదీ ఒకే భయం. అతను డబ్బుతో పాటు ఒక పని కూడా తనమీద వేసుకుంటే, ఉదాహరణకు రిపోర్టులన్నీ తేదీల వారీగా సర్ది ఉంచడం, అపాయింట్‌మెంట్లు చూడడం లాంటివి, ఆ పోట్లాటలు చాలావరకు చల్లబడతాయి.

ఇంటి మనిషి పట్టుదల ఈ జబ్బు చరిత్రనే మార్చిన సందర్భం ఒకటుంది. థాలిడోమైడ్ అనే మందు 1950ల చివర్లో గర్భిణులకి ఇవ్వడంవల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలైంది. మూడున్నర దశాబ్దాల తర్వాత అమెరికాలో మైలోమాతో ఉన్న ఒక యువ డాక్టరు భార్య, మందులన్నీ విఫలమయ్యాక, కనిపించిన శాస్త్రవేత్తకల్లా ఫోన్ చేస్తూ జూడా ఫోక్‌మన్ అనే క్యాన్సర్ పరిశోధకుడి దాకా వెళ్లింది. ఆయన థాలిడోమైడ్ పేరు చెప్పారు. ఆమె భర్తకి అది పనిచేయలేదు, ఆయన దక్కలేదు. కానీ ఆయన చికిత్స తీసుకున్న ఆసుపత్రిలోనే వేరే రోగులకి పనిచేసింది. 1999లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో వచ్చాయి. దాని వారసురాలే ఇవాళ మన ఇళ్లలో కనిపించే లెనాలిడోమైడ్. అమెరికా మార్కెట్లోకి 2022 మార్చిలో వచ్చిన తొలి జెనరిక్ లెనాలిడోమైడ్ వెనక ఉన్నది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో. పుట్టబోయే బిడ్డకి హాని చేసే గుణం ఈ మందుకీ ఉంటుందని భావిస్తారు కాబట్టే దానికి అన్ని నిబంధనలు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మాత్రలు ఆమె చేత్తో ముట్టుకోకూడదు.

మూలుగ మార్పిడి అనగానే "ఎవరిస్తారు?" అన్న చర్చ మొదలై అన్నదమ్ముల మధ్య మనస్పర్థలు వస్తాయి. మైలోమాలో సాధారణంగా రోగి సొంత మూలకణాలనే ముందు తీసి దాచి, మెల్ఫలాన్ అనే బలమైన మందు ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. దాత అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రెండు మూడు వారాలు ఆసుపత్రి గది, నోటిపూత, జుట్టు రాలడం, ఆ తర్వాత కొన్ని నెలల నీరసం.

చికిత్స కుదురుకున్నాక కూడా రిపోర్టు వారం అనేది ఒకటి ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, ఎం ప్రొటీన్, అంటే ఆ పనికిరాని ప్రొటీన్, ఎంత వచ్చిందో తెలిసేదాకా ఇంట్లో టీవీ సౌండు కూడా తగ్గిపోతుంది. పోయినసారి 0.3 ఉన్నది ఈసారి 0.4 అయితే గుండె జారిపోతుంది. అంత చిన్న తేడా ల్యాబ్ పరీక్షలోనే రావచ్చు. జబ్బు మళ్లీ ముదురుతోందని ఈ అంకెని బట్టి చెప్పాలంటే, అంతకుముందున్న అతి తక్కువ స్థాయి నుంచి కనీసం 25 శాతం, అదీ డెసీలీటరుకి అర గ్రాము తగ్గకుండా పెరగాలన్నది డాక్టర్లు పాటించే ప్రమాణం. ఫోన్‌కి వచ్చిన పీడీఎఫ్‌ని రాత్రి పదకొండింటికి ఒక్కరే తెరిచి చూసుకోవడం కన్నా, పొద్దున ఇద్దరు కూర్చుని పాత అంకెల పక్కన పెట్టి చూడడం నయం.

జబ్బు తిరగబెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మొదటిసారి కన్నా రెండోసారి ఇల్లు ఎక్కువ కుంగుతుంది, ఎందుకంటే అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. చూసుకునే మనిషి తన బీపీ మాత్ర మర్చిపోవడం, తిండి సయించకపోవడం, చిన్న మాటకే ఏడుపు రావడం వారాల తరబడి సాగితే దానికీ వైద్యం ఉంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు ఎత్తితేనే మన ఊళ్లో ముఖం తిప్పుకుంటారు. గుమ్మం దాటడానికి మొహమాటమైతే 14416 అనే టెలి మానస్ నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మొక్కులు కూడా ఒక ఊరటే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవడం ఆయన వెన్నుకీ, ఆ జనంలో తిరగడం ఆయన తగ్గిన రోగనిరోధక శక్తికీ మంచిది కాదు. కొండ కింద తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ ఆవిడ కొడుతుంది, ఆయన ఇంట్లో ఫోన్లో చూస్తూ దణ్ణం పెట్టుకుంటారు.

గాజువాక ఇంటిలాంటి ఇళ్లలో ఏడాది గడిచేసరికి స్టిరాయిడ్ తగ్గుతుంది, ఎర్ర సున్నాలు పలచబడతాయి. క్యాలెండర్ మీద మాత్ర వేసుకునే 21 రోజులు, ఖాళీగా ఉండే 7 రోజులు మిగులుతాయి. కూతురికి సంబంధం కుదిరి పంతులుగారు మాఘంలో మూడు ముహూర్తాలు రాసిస్తారు. పెళ్లికి నాలుగు రోజులు అటూ ఇటూ అయితే డాక్టరు మందు తేదీలు సర్దగలరు, అడగాలే గానీ. తల్లి పంచాంగం కాగితం పట్టుకుని క్యాలెండర్ దగ్గర నిలబడి, ఆ మూడు తేదీల్లో ఏది ఖాళీ వారంలో పడుతుందో చూస్తుంది. తండ్రి కుర్చీలోంచే "పదమూడో తారీఖు చూడు" అంటారు.